చెత్తకు అగ్నిసంస్కారము

(సంఘ సభలో చేసిన ప్రసంగపు పాఠము)



సాంస్కృతిక సంఘము వారి సభలో చెత్తనుగూర్చి మాటలాడుట కొందరికి వింతగా తోపవచ్చును. కవిత్రయమును గూర్చియో, క్షేత్రయ్య పదములను గూర్చియో వినవలెనని వచ్చినవారికి ఈ ప్రస్తావన రుచింపకపోయినను నేను తప్పుపట్టను. కాని సంస్కృతి యనునది గ్రంథాలయములలోను, సంగీత సభలలోను మాత్రమే నివసించునది కాదు. వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టుట మన సంస్కృతి. ఆ ఊడ్చిన చెత్త ఎక్కడికి పోవుచున్నదో విచారించుటయు అందులోని భాగమే.

ఇంతకును ఇది మనకు మిక్కిలి సన్నిహితమైన విషయము. మనలో పెక్కురము కేంద్ర ప్రభుత్వపు కొలువులో నున్నవారము. నేడు కోల్‌కతాలో నుందుము. రేపు ఒక ఉత్తర్వు వచ్చినచో అండమాను దీవులకో, సిక్కిము కొండలకో, సుందరవనముల అంచునకో మూటాముల్లె సర్దుకొని పోవలసినవారము. సర్వేకొరకు మాసముల తరబడి గుడారములలో గడపువారు మన సభ్యులలోనే కలరు. అట్టిచోట్లకు మునిసిపాలిటీ బండి రాదు. చెత్తను గుంటలో పూడ్చుదమన్న ఒకచోట రాయి, మరొకచోట నీరు అడ్డుపడును. అపుడు ఎవరైనను చేయు పని ఒక్కటే. పెరటిలో కుప్పవేసి అగ్గిపుల్ల గీయుట. కన్నులు మండును, దగ్గు వచ్చును, కొంతసేపటికి కుప్ప తగ్గును. పని ముగిసినదని లోపలికి పోవుదుము. అయితే పని నిజముగా ముగిసినదా? దూరప్రదేశములలో చెత్తను శుభ్రముగా దహించు ఉపాయమేదైనను కలదా? దీనినే ఈ దినము మీతో కలసి విచారింపదలచితిని.

ముందుగా పొగ సంగతి. తర్కశాస్త్రముతో పరిచయమున్నవారికి కొండమీది పొగ దృష్టాంతము తెలియును. పొగ కనబడినచో అచట నిప్పున్నదని ఊహింపవచ్చును. మరి నిప్పున్నచోటనెల్ల పొగ యుండునా? ఉండదని మన పూర్వులు నిర్ణయించిరి. కొలిమిలో కాలిన ఇనుప ముద్దలో నిప్పున్నది, పొగ లేదు. పొగ పుట్టవలెనన్న నిప్పునకు తడి ఇంధనముతో సంబంధము కలుగవలెను. దీనినే శాస్త్రకారులు ఆర్ద్రేంధన సంయోగమనిరి. విద్యార్థులకు సుబోధకముగా తర్కసంగ్రహమును రచించిన అన్నంభట్టు ఆంధ్రుడు. నవ్యన్యాయమునకు మహాపీఠమై వెలసిన నవద్వీపము ఈ వంగదేశమున నున్నది. కావున ఈ సభలో ఆ శాస్త్రమును స్మరించుట మనకును, మనకు ఆశ్రయమిచ్చిన ఈ దేశమునకును తగియేయున్నది.

నేటి యంత్రశాస్త్రజ్ఞులు ఆ సిద్ధాంతమునకు చేర్చినది కొంచెమే. ఇంధనము తడిగా నున్నను, గాలి చాలకపోయినను, మంట చల్లబడినను పొగ పుట్టును. పొగ యనగా కాలవలసినది కాలక తప్పించుకొని పోవుచున్నదని అర్థము. కనుక పొగనుగూర్చి నిప్పును నిందింపరాదు. నిప్పునకు మనమేమి పెట్టుచున్నామో చూడవలెను.

మన చెత్తలో ఏమున్నది? 2004-05 ప్రాంతమున కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, నాగపురములోని నీరి సంస్థ సహాయముతో, దేశములోని నగరముల చెత్తను పరీక్షింపజేసెను. కోల్‌కతా చెత్తలో సగము కుళ్లిపోవు పదార్థమనియు, నూటికి సుమారు 46 పాళ్లు తేమయనియు, కిలో ఒక్కింటికి సుమారు 1,200 కిలోకేలరీల వేడి మాత్రమే లభించుననియు అపుడు తేలినది. ఎండిన కట్టె కిలో ఒక్కింటికి 3,500 కిలోకేలరీలకు తక్కువ కాని వేడినిచ్చును. ఇక కిలో నీటిని మరగించి ఆవిరి చేయుటకు రమారమి 600 కిలోకేలరీలు పట్టును. లెక్క కట్టి చూడుడు. మన చెత్త యిచ్చు కొద్దిపాటి వేడిలో దాదాపు నాలుగవ వంతు తనలోని నీటిని తరుముటకే చెల్లిపోవుచున్నది. దుమ్ము, బూడిద, ఇసుక వేడిని తినునవియే కాని ఇచ్చునవి కావు. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నము, కొబ్బరి బోండములు కలిసిన కుప్పకు నిప్పు పెట్టుట తడికట్టెలతో వంట మొదలుపెట్టి గొట్టముతో ఊదుచు కూర్చుండుట వంటిది.

ఈ పాఠమును మన దేశము చాల ధనము వెచ్చించి నేర్చుకొన్నది. ఢిల్లీలోని తిమార్‌పూర్‌లో 1987లో డెన్మార్కువారి సాంకేతిక సహాయముతో, దినమునకు 300 టన్నుల చెత్తను కాల్చి 3.75 మెగావాట్ల విద్యుత్తు తీయు కర్మాగారమును నిర్మించిరి. యంత్రములు మంచివే. ఐరోపా చెత్తకు అలవాటుపడిన ఆ కొలిమికి మన చెత్తలోని నీరు, మట్టి మింగుడుపడలేదు. కొలది దినములకే అది మూలబడినది.

ఐరోపాలో ఈ విద్యకు నూటయేబది ఏండ్ల చరిత్ర గలదు. 1874లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ ఫ్రయర్ అను నతని రూపకల్పన ననుసరించి చెత్తను దహించు కొలిమిని నిర్మించిరి. 1892లో జర్మనీలోని హాంబర్గు నగరమున కలరా ప్రబలినది. ఆ నగరపు చెత్తను తమ పొలములకు రానీయమని చుట్టుప్రక్కల రైతులు అడ్డుపడిరి. 1896 నాటికి హాంబర్గువారు దహనశాలను కట్టుకొనిరి. నేడు మన తెలుగు సీమలోను హైదరాబాదు చెంత జవహర్‌నగర్‌లోను, గుంటూరు చెంతను, విశాఖపట్టణము చెంత కాపులుప్పాడలోను చెత్తనుండి విద్యుత్తు తీయు కర్మాగారములు వెలసినవి. అవి వందల టన్నులు మ్రింగునట్టివి. వాటి పొగను కడిగి వడకట్టు పరికరములకే కోట్ల రూపాయలు వ్యయమగును.

దూరప్రదేశపు సమస్య దీనికి భిన్నమైనది. నాలుగు వందల మంది నివసించు ఒక చిన్న కాలనీని తలచుకొనుడు. తలకు పావు కిలో వంతున దినమునకు నూరు కిలోల చెత్త పోగగును. అందులో తడిది తీసివేసి, అమ్మదగినవి ఏరివేసినచో మిగులునది ఇరువది ముప్పది కిలోలకు మించదు. ఇంత స్వల్పమునకు పెద్ద యంత్రము తగదు. చిన్న కొలిమిలో వేడి నిలుపుట కష్టము. అయినను వేడి నిలుపక తప్పదు. ఏలననగా, చెత్త శుభ్రముగా కాలుటకు మూడు నియమములు కలవు. వేడి చాలినంత యుండవలెను, ఆ వేడిలో పొగ తగినంత కాలము నిలువవలెను, పొగయు గాలియు బాగుగా కలియవలెను. పొగ 850 డిగ్రీల వేడిలో రెండు సెకండ్లు నిలువవలెనని ఐరోపా సమాఖ్యవారు 2000 సంవత్సరములో శాసించిరి. మన దేశపు 2016 నాటి ఘనవ్యర్థ నియమావళి రెండవ గదిలో 950 డిగ్రీలు, రెండు సెకండ్లు అని విధించినది. పెరటి కుప్పలో ఈ మూడింటిలో ఒక్కటియు నెరవేరదు.

నెరవేరకున్న నేమగును? నల్లని మసి, విషవాయువులు వెలువడుననునది మనకు తెలిసినదే. వీనికి మించినది డయాక్సిన్ల వర్గము. క్లోరిన్ గల పదార్థములు, ముఖ్యముగా పీవీసీ గొట్టములు, తీగలపై తొడుగులు, చాలీచాలని మంటలో కాలునపుడు ఇవి పుట్టును. బాగుగా కాలిన పొగ సైతము 450 నుండి 250 డిగ్రీల మధ్య నెమ్మదిగా చల్లారినచో మరల పుట్టగలవు. వీనిలో మిక్కిలి ఉగ్రమైనదానిని 1997లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మానవులకు క్యాన్సర్ కలిగించు పదార్థములలో చేర్చినది. ఇవి గాలిలో కలిసి, గడ్డిమీద, నీటిమీద వ్రాలి, పశువుల పాలలోను, చేపల క్రొవ్వులోను చేరి, తుదకు మన కంచమునకే తిరిగి వచ్చును. కుప్పను కాల్చి వదిలించుకొంటిమనుకొన్నది మరొక రూపమున ఇంటికి వచ్చుచున్నదన్న మాట. 2016 డిసెంబరులో జాతీయ హరిత ధర్మాసనము బహిరంగముగా చెత్త కాల్చుటను నిషేధించి, సామాన్యముగా కాల్చినవారికి 5,000 రూపాయలు, పెద్ద యెత్తున కాల్చినవారికి 25,000 రూపాయలు చెల్లింపవలెనని తీర్పు చెప్పుటకు కారణమిదియే.

మరి చిన్న చోట్ల శుభ్రదహనము అసాధ్యమా? పూర్తిగా అసాధ్యము కాదు. ఇంగ్లండులో లెస్టర్ నగరమందలి డి మాంట్‌ఫర్ట్ విశ్వవిద్యాలయమున ఇటుకలతో కట్టదగిన చిన్న కొలిమినొకదానిని రూపొందించిరి. పేద దేశముల చిన్న ఆసుపత్రులలో సూదులు, కట్లు మొదలగువానికై దానిని ఉద్దేశించిరి. దాని రహస్యము రెండు గదులలో నున్నది. మొదటి గదిలో చెత్త మండి పొగనిచ్చును. ఆ పొగ నేరుగా గొట్టములోనికి పోక, వేడెక్కిన రెండవ గదిలోనికి పోయి, అచట క్రొత్త గాలితో కలిసి మరల మండును. అనగా పొగనే ఇంధనముగా చేసి కాల్చుట.

అయితే ఇటువంటి కొలిమి కొనినంత మాత్రమున, కట్టినంత మాత్రమున పని చేయదు. ముందుగా ఎండుకట్టెలతో దానిని బాగుగా వేడి చేయవలెను. తరువాతనే చెత్తను కొద్దికొద్దిగా, సమమైన వ్యవధిలో వేయవలెను. ఒక్కసారిగా కుక్కినచో మంట ఉక్కిరిబిక్కిరియై పొగ గ్రక్కును. మాటిమాటికి తలుపు తెరువరాదు. దినమునకొక పిడికెడు కాల్చుటకంటె, వారము దినముల చెత్తను కప్పు క్రింద ఆరబెట్టి, ఒక్కనాడు సంపూర్ణముగా కాల్చుట మేలు. పొగగొట్టము ఇండ్ల కప్పులకంటె ఎత్తుగా నుండవలెను. ఇంత చేసినను అందులో పొగ కడుగు పరికరములుండవు గనుక దానిలో వేయరానివి వేయకుండుట ఒక్కటే రక్ష. మిగిలిన బూడిదలో సీసము మొదలగు లోహములుండును. దానిని తోటకు ఎరువుగా వేయరాదు, చెరువులో కలుపరాదు.

వేయరానివేవో తెలిసికొనుటకు భూమండలమున మిక్కిలి దూరమైన చోటినే చూతము. కోల్‌కతా ముఖ్యస్థానముగా 1851 నుండి వర్ధిల్లుచున్న జియలాజికల్ సర్వే శాస్త్రజ్ఞులు 1981లో బయలుదేరిన మొదటి యాత్ర మొదలుకొని అంటార్కిటికాకు పోవుచున్నారు. అచట భారతదేశమునకు మైత్రి, భారతి అను రెండు స్థావరములు కలవు. ఆ హిమఖండపు రక్షణకై 1991లో మాడ్రిడ్‌లో పలు దేశములు చేసికొన్న ఒడంబడిక 1998లో అమలునకు వచ్చినది. దాని ప్రకారము అచట ఆరుబయట చెత్త కాల్చుట కూడదు. బ్యాటరీలు, రబ్బరు, పీవీసీ, నురుగు ప్లాస్టిక్కులు, రసాయనములు పూసిన కలప కొలిమిలో సైతము కాల్చరాదు. ఓడ నెక్కించి వెనుకకు తీసికొనిపోవలెను. కాల్చదగినవి కొలిమిలో కాల్చినను, ఆ బూడిదను గూడ వెనుకకు తేవలెను. వేల మైళ్ల దూరమున, మంచుతుపానులలో పాటింపదగిన నియమము మన కాలనీ పెరటిలో పాటింపరానిదెట్లగును?

అంటార్కిటికా వరకు ఏల, మనకు ఒక్కపూట ప్రయాణములోనున్న సుందరవనములను చూడుడు. సాగరద్వీపము, గోసాబా వంటి దీవులకు పడవలే ఆధారము. త్రవ్విన గుంటలో ఉప్పునీరు ఊరును. 2020 మే మాసమున ఆంఫాన్ తుపాను వచ్చినపుడు దేశమంతయు దయతో ఆహారపు పొట్లములు, నీటి సీసాలు పంపినది. ప్రాణములు నిలిచినవి. కాని ఆ ప్లాస్టిక్కులో చాల భాగము తిరిగి రాలేదు. అది కాలువలలోను, మడ అడవులలోను నిలిచిపోయినది. సరుకు తెచ్చిన పడవ ఖాళీగా మరలునపుడు ఖాళీ సీసాలను వెనుకకు తీసికొనిపోవుటయే ఇటువంటి దీవులకు మొదటి ఉపాయము. దహనము చివరిది. ఉత్తర సిక్కిములోని లాచెన్ గ్రామమువారు 2012లో ప్లాస్టిక్కు నీటి సీసాలను తమ ఊరికే రానీయమని కట్టుబాటు చేసికొనిరి. రాని చెత్తను కాల్చవలసిన పని లేదు గదా!

ఇక తడిచెత్త మాట. దీనికి నిప్పుతో పనియే లేదని బోధించిన గురువు మన కోల్‌కతాయే. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమునుండి ఈ నగరపు చెత్త ధాపాకు పోవుచున్నది. ఒకప్పుడు దానికై మునిసిపాలిటీవారి ప్రత్యేక రైలుబండి యుండెడిది. ఆ చెత్త కుళ్లిన నేలలో రైతులు కాబేజీ, కాలీఫ్లవరు పండించిరి. ప్రక్కనే నగరపు మురుగునీటిని భేరీలనబడు చెరువులలోనికి మళ్లించి, ఎండయు నాచును ఆ నీటిని శుద్ధి చేయగా అందులో చేపలు పెంచిరి. ఏ యంత్రశాస్త్రజ్ఞుడును గీచి ఇచ్చిన పటము కాదిది. రైతులు, జాలరులు తమ అనుభవముతో నేర్చిన విద్య. ధ్రువజ్యోతి ఘోష్ అను ఇంజనీరు 1980 దశకమునుండి దీనిని పరిశీలించి లోకమునకు చాటెను. ఆ 12,500 హెక్టారుల తడినేలలు 2002లో రాంసార్ అంతర్జాతీయ జాబితాకెక్కినవి. ఘోష్ మహాశయుడు 2018లో దివంగతుడయ్యెను.

అదే ధాపాలో మరియొక దృశ్యమును గలదు. తడిపొడి కలిపి పోసిన గుట్టలలో గాలి చొరక మీథేను వాయువు పుట్టి, తనంతట తానే అంటుకొని, లోలోపల రగులుచుండును. 2023 మార్చి 2వ తేదీన కొచ్చిలోని బ్రహ్మపురమున ఇట్టి గుట్ట అంటుకొని పది దినములకు పైగా నగరమును పొగతో కప్పినది. ఆర్ద్రేంధన సంయోగమునకు ఇంతకంటె భయంకరమైన ఉదాహరణము వేరొకటి యుండబోదు. ఒకే చెత్త. వేరుచేసినచో కూరయు చేపయు నగును, కలిపినచో పొగ యగును.

ఈ పొగను ముందుగా పీల్చువా డెవడు? మనము కిటికీ మూసికొందుము. ఊడ్చి, కుప్పచేసి, నిప్పుపెట్టి, అది ఆరువరకు కర్రతో కదుపుచు నిలుచున్న పారిశుద్ధ్య కార్మికునకు మూసికొనుటకు కిటికీ లేదు. ఈ విషయమున తెలుగువారమైన మనకు మరింత బాధ్యత గలదని నా అభిప్రాయము. పొరుగుననున్న ఢాకా నగరమున ధల్‌పూర్‌లో తెలుగు కాలనీ యని ఒకటి ప్రసిద్ధము. బ్రిటిషువారి కాలమున తెలుగునాటినుండి కొనిపోబడి, తరతరములుగా ఆ నగరపు వీధులూడ్చిన కుటుంబములవారిది. మన భాష ఈ తూర్పుదేశములకు గ్రంథములతోను, కార్యాలయపు ఫైళ్లతోను మాత్రమే రాలేదు, చీపురుతో గూడ వచ్చినది. ఆ చీపురు పట్టిన చేతుల ఆరోగ్యమును మన సంస్కృతీ ప్రసంగములలో స్మరింపకుండుట న్యాయము కాదు.

కావున మిమ్ము నేను కోరునది స్వల్పము. ఎక్కడికి బదిలీపై పోయినను, ఇంటిలో తడిచెత్తను పొడిచెత్తతో కలుపకుడు. తడిది గుంటలోనో, తొట్టిలోనో ఎరువు కానిండు. సీసాలు, డబ్బాలు, కాగితములు కొనువానికిండు. బ్యాటరీలు, తీగలు, రబ్బరు, థర్మోకోలు మూటగట్టి, పట్టణమునకు పోవు బండిలో పంపుడు. ఆ పైని మిగిలిన కొద్దిపాటి ఎండుచెత్తకు మాత్రమే కొలిమి. అదియు శిక్షణ పొందిన మనిషి, చేతితొడుగులు, ముఖకవచము, తగిన జీతముతో గూడిన కొలిమి కావలెను. మనిషి లేని కొలిమికి కేటాయించు ధనము వృథా. కార్యాలయములలో ఇట్టి ప్రతిపాదనలు మన బల్లల మీదికే వచ్చును. యంత్రము వెల ఎంతయని అడుగుటకు ముందు, దానిలో వేయబోవు చెత్తను ఎవరు వేరుచేయుదురు, ఎచట ఆరబెట్టుదురు, బూడిద ఎచటికి పోవునని ఫైలుపై వ్రాసి అడుగుడు. ఈ మూడు ప్రశ్నలకు సమాధానము రానిచో ఆ ఫైలును వెనుకకు పంపుటయే దేశసేవ.

మన సంఘమునుండియే ఆరంభింపవచ్చును. ఉగాది విందులో థర్మోకోలు పళ్లెములకు మారుగా విస్తరాకులు వేయుదము. భోగిమంటలో ఎండుకట్టెలు, పిడకలు వేసి, పాత టైర్లను, ప్లాస్టిక్కు కుర్చీలను దూరముగా నుంచుదము. హోమమునకు సమిధలు ఎండియుండవలెనని, శుచియైనవి కావలెనని నియమము పెట్టిన జాతి మనది. అగ్నికి ఏమి అర్పింపవచ్చునో, ఏమి అర్పింపరాదో మనకు ఒకరు చెప్పవలసిన పనిలేదు. ఆ వివేకమును పూజామందిరమునుండి పెరటివరకు తెచ్చుకొన్న చాలును.